ఎదిగే పిల్లకి స్నోబోర్డు బైండింగులు ఎంత ఎడంగా పెట్టాలి?

చంద్రగిరి నాన్న: మా పెద్దపాపకి పదకొండేళ్లు. చలికాలం సెలవులకి కశ్మీర్‌లో గుల్మార్గ్ పోతుంటాం, ఈసారి మంచు మీద నిలబడి జారే స్నోబోర్డు సొంతంగా కొన్నాం. పిల్ల గబగబా పొడుగవుతోంది. బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బిగింపులు, అదే బైండింగులు, రెండింటినీ బోర్డు మీది చివరి రంధ్రాల దాకా జరిపేస్తే ఇంకో రెండేళ్లు ముట్టుకునే పని ఉండదని నా ఆలోచన. ఏమంటారు?

గిరింపేట: వద్దన్నా. కాళ్లు మరీ ఎడమైతే మోకాళ్లు సరిగ్గా వంగవు, మలుపు తిప్పడానికి పిల్ల నడుముతో తంటాలు పడుతుంది. మడమ నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా టేపు పెట్టి కొలువు. ఒక బైండింగ్ నడిమధ్య నుంచి ఇంకోదాని నడిమధ్యకి ఆ దూరంతో మొదలుపెట్టు. రంధ్రాలు మామూలుగా 2 సెంటీమీటర్లకి ఒకటి ఉంటాయి. ముందుది ఎంత జరిపితే వెనకదీ అంతే జరపాలి, వెనకది ఒక్కటే జరిపితే బరువంతా బోర్డు వెనక కొసవైపు పోతుంది.

కపిలతీర్థం రోడ్డు: భుజాల వెడల్పు అని కదా అందరూ చెప్పేది? మోకాలి లెక్క ఎక్కడి నుంచి తెచ్చారు?

గిరింపేట: ఈ వయసులో ముందు కాళ్లు సాగుతాయి, భుజాలు తర్వాత వెడల్పవుతాయి. అందుకే పిల్లలకి కాలి కొలత నయం. రెండూ మొదలుపెట్టడానికే, తర్వాత పిల్లకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ.

కపిలతీర్థం రోడ్డు: నేర్పించినాయన నాకు భుజాలే చెప్పాడు. నేను దాన్నే నమ్ముతా.

పలమనేరు అమ్మ: మా వాడికి కిరాయి షాపులో రెండు పాదాలూ ముందుకే తిప్పి బిగించి పంపారు. సాయంత్రానికి మోకాలు పట్టుకుని ఏడ్చాడు. ముందుకాలు ముందుకి 15, వెనకకాలు మైనస్ 6, అంటే వెనక్కి 6 డిగ్రీలకి మార్పిస్తే కానీ కుదురుకోలేదు. ఎడం గురించి ఇంత కొట్లాడుతున్నారు, కోణం గురించి ఒక్కరూ అడగరేం?

గిరింపేట: కోణం ముఖ్యమేనమ్మా. అయితే మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పైతే, ఎదిగే పిల్లలకి బోర్డు ఎక్కకపోయినా వస్తుంది, దాన్ని డాక్టరుకే చూపించాలి.

చంద్రగిరి నాన్న: నా ప్రశ్నకి రండి. బూట్లు కూడా ఒకటిన్నర సైజు పెద్దవే తీసుకున్నా, రెండేళ్లు వస్తాయని.

గిరింపేట: ఈ మాట ముందే చెప్పాల్సింది కదా! బూటులో మడమ లేస్తుంటే ఎడం ఎంత పెట్టినా దండగ. పైగా పెద్ద బూటు ముందు కొస బోర్డు అంచు దాటి మరీ బయటికి వస్తే, మలుపులో మంచుకి తగిలి పిల్ల బోర్లా పడుతుంది. ఎదిగే పిల్లకి పండక్కి గౌను కొన్నట్టు బూట్లు కొంటారా ఎవరైనా?

చంద్రగిరి నాన్న: మాటలు జాగ్రత్త. తిరుపతి నుంచి నలుగురం విమానాల్లో పోయి, గది, కొండెక్కే కేబుల్ కారు (గొండోలా) టికెట్లు అన్నీ పెట్టుకుంటే ఎంతవుతుందో మీకు తెలుసా? ఏటా కొత్త బూట్లు కొనాలంటే ఒక పిల్లని ఇంట్లో వదిలేసి పోవాలి. చిన్నది కూడా నేర్చుకుంటానంటోంది. నాకు ఇద్దరూ సమానమే.

గిరింపేట: ఇదన్నా అసలు సంగతి. కొలతలకి ఒప్పుకోక కాదు, డబ్బుల గురించి. అలాగైతే బోర్డు కిరాయికి తీసుకుని బూట్లు మాత్రం సరైనవి కొనాల్సింది. పెద్దదానికి బిగుతైతే చిన్నదానికి వస్తాయి.

చంద్రగిరి నాన్న: బోర్డు కొనేశాం, పాప పేరు కూడా రాసుకుంది, వెనక్కివ్వను. బైండింగులు కొలిచి జరుపుతా. బూట్లకి మందం సాక్సులు వేస్తా.

పలమనేరు అమ్మ: సాక్సులతో వద్దండీ, పాదం లోపల జారుతుంది, చెమట పట్టి చల్లబడుతుంది కూడా.

గిరింపేట: ఇంట్లోనే చూడు. పలచటి సాక్సుతో బూట్లు గట్టిగా బిగించి, మోకాళ్లు వంచి ముందుకు వాలమను. మడమ లేచిందా అని పాపనే అడుగు. లేచిందంటే షాపువాడితో మాట్లాడి మార్చుకో, అప్పటిదాకా మంచులో తొడిగించొద్దు.