కరాటే, తైక్వాండో, జూడో, ముయ్ థాయ్: చేరేముందు ఏం చూసుకోవాలి?

కొత్తబెల్టు:
వయసు 34, ఇంతవరకూ ఏ ఆటా ఆడలేదు. అందుబాటులో పైన రాసిన నాలుగు స్కూళ్లున్నాయి, నాలుగింటి బోర్డు మీదా "ఆత్మరక్షణ" అనే ఉంది. అసలు తేడా ఏమిటి? మర్నాడు ఉద్యోగానికి వెళ్లాలి కాబట్టి మూతి పగలగొట్టుకునే ఉద్దేశం లేదు. పైగా దూరపుచూపు కళ్లద్దాలు, పవర్ మైనస్ 7.

తాటామి:
ఎదుటివాడు ఎంత దూరంలో ఉంటే ఆ విద్య పనికొస్తుందో చూడండి. తైక్వాండోది కాలు అందే దూరం. కరాటేలో కాళ్లూ ఉన్నా, ఎక్కువ పని చేతులదే. ముయ్ థాయ్‌లో పిడికిలి, మోచేయి, మోకాలు, మోకాలి కింది ముందెముక అన్నీ ఆయుధాలే, మెడ చుట్టూ చేతులు వేసి మోకాళ్లతో పొడవడమూ ఉంటుంది. జూడో అసలు మొదలయ్యేదే ఎదుటివాడి బట్ట చేతికి దొరికాక.

తర్వాత పోటీ నియమాలు. అలవాట్లు వాటివల్లే పడతాయి. ఒలింపిక్ తరహా తైక్వాండోలో తలకు గుద్దు నిషేధం, మొండేనికి గుద్దితే 1 పాయింటు, తలకు మామూలు తన్నుకు 3. అందుకే ఆ పోటీలు ఆడేవాళ్ల చేతులు కిందికి జారిపోతాయి. కరాటే అంటే ఒకటే అనుకోకండి. షోటోకాన్ అనే శాఖ పోటీల్లో దెబ్బను అదుపులో ఉంచాలి. క్యోకుషిన్ అనే శాఖలో తొడుగుల్లేకుండా గట్టిగానే కొడతారు, కాకపోతే ముఖం మీద గుద్దకూడదు. బోర్డు మీద "కరాటే" అని మాత్రమే ఉంటే ఏ శాఖో అడగండి.

మోకాలిచిప్ప:
కళ్ల సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు. మైనస్ 7 అంటే కంటి వెనకపొర (రెటీనా) ఊడే ప్రమాదం మామూలువాళ్లకన్నా ఎక్కువ, తలకు దెబ్బలు దానికి తోడవుతాయి. కంటి డాక్టరు పొర పరీక్ష చేసి సరే అనేదాకా తల మీద కొట్టే స్పారింగ్ (జంటగా చేసే సాధన పోరు) దగ్గరికి పోకండి. జూడోలోనూ పడ్డప్పుడు తల అదురుతుంది కాబట్టి దాని గురించీ అడగండి.

జూడోకి వెళ్తే మొదటి వారాలు పడటమే నేర్పాలి. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, ఒంటికి కాస్త ఎడంగా చాచిన చేత్తో చాపను చరచాలి. కొత్తవాళ్లు భయంతో అరచేయి వెనక్కి ఆనిస్తారు, బరువంతా దానిమీద పడి మణికట్టో మోచేయో పోతుంది. ఇది నేర్పకుండా మొదటిరోజే విసిరేసే చోట చేరొద్దు.

కొత్తబెల్టు:
డాక్టరు దగ్గరికి వెళ్తానండి. స్కూలు మంచిదో కాదో ఒక్కసారి చూస్తే తెలుస్తుందా?

తాటామి:
పూర్తి క్లాసు ఒకటి గోడ పక్కన కూర్చుని చూస్తే చాలావరకు తెలుస్తుంది. జంటగా చేసేటప్పుడు ఎదుటివాడు నిజంగా అడ్డుకుంటున్నాడా, బొమ్మలా నిలబడుతున్నాడా? గాల్లో గుద్దులు, వరస కదలికలతోనే గంట గడిస్తే అది వ్యాయామం, అందులో తప్పేం లేదు, కానీ ఆత్మరక్షణ కాదు. స్పారింగ్ ఉంటే మౌత్‌గార్డు, 16 ఔన్సుల గ్లోవ్స్ ఉన్నాయా చూడండి. సంచి కొట్టే పలుచని గ్లోవ్స్‌తోనే మనుషుల్నీ కొట్టనిస్తుంటే వెనక్కి వచ్చేయండి. ఒకడు తూలితే మాస్టారు ఆపుతున్నారా, "ఏం కాదు, కానీ" అంటున్నారా అన్నది అన్నింటికన్నా ముఖ్యం. తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినవాణ్ణి ఆ రోజు మళ్లీ దింపకూడదు.

మోకాలిచిప్ప:
చాపలు రోజూ మందునీళ్లతో తుడుస్తారా అనీ అడగండి. పట్లు పట్టే చోట తామర ఇట్టే అంటుకుంటుంది. గోళ్లు కత్తిరించుకోమని చెప్పని స్కూలు చాపలూ కడగదు, నా లెక్క అది. ఫీజు విషయంలో బెల్టు పరీక్షకు విడిగా ఎంత, ఏడాదికి ఎన్ని పరీక్షలు అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. "ఏడాదిలో బ్లాక్ బెల్టు గ్యారంటీ" అంటే వాళ్లు అమ్మేది బెల్టే.