మోటరు కాలితే రీవైండింగా (లోపలి తీగ మళ్లీ చుట్టించడం), కొత్తదా? రాయగడ వైపు వాళ్లు చెప్పండి

స్టోర్స్_రాయగడ: మా స్టోర్సులో కాలిన మోటర్లు 14 ఉన్నాయి. కాగితం, అల్యూమినియం, సిమెంటు పరిశ్రమలకు టన్ను సరుక్కి ఇంతకు మించి ఉద్గారం ఉండకూడదని కేంద్రం 2025 అక్టోబరులో లక్ష్యాలు పెట్టింది. దాటితే కార్బన్ క్రెడిట్లు కొనాలి. ఇక రీవైండింగ్ మానేసి తక్కువ కరెంటు తినే కొత్త ఐఈ3 రకం మోటర్లే తెద్దామంటున్నా. రీవైండింగ్ చేస్తే సామర్థ్యం పడిపోతుంది.

వైండింగ్_22ఏళ్లు: తప్పు బాబూ. బాడీ, షాఫ్టు బాగానే ఉంటాయి, కాలేది తీగ. దానికోసం మళ్లీ ఇనుము కరిగిస్తారా? ఆ బొగ్గు ఎవరి ఖాతాలో రాస్తారు?

స్టోర్స్_రాయగడ: 15 కిలోవాట్ల మోటరు ఫుల్ లోడు మీద ఏటా 6000 గంటలు తిరిగితే, సామర్థ్యం 90 నుంచి 89 శాతానికి పడినా 1100 యూనిట్లు అదనం. యూనిట్‌కి 0.7 కిలోలు వేసుకున్నా దాదాపు 800 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఏటా!

గుణుపురం: అసలెందుకు పడుతుంది?

వైండింగ్_22ఏళ్లు: పాత తీగ ఊడదీయడానికి గ్యాస్ మంట పెడతారు. స్టేటరు, అంటే మోటరులో తిరగని భాగం, దాని రేకుల మీద పూత కాలిపోతుంది. ఆ రేకుల దిమ్మే కోర్, అది నడిచేటప్పుడు వేడెక్కి కరెంటు వృథా అవుతుంది. నేను ఓవెన్‌లో పెడతా, 370 డిగ్రీలు దాటనివ్వను. తీగ గేజి, అంటే లావు, తగ్గించను.

స్టోర్స్_రాయగడ: మీరు సరే. మిగతావాళ్లో?

కొరాపుట్: వానాకాలం ఘాట్‌లో బండ్లు ఆగితే కొత్తది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

వైండింగ్_22ఏళ్లు: ఇంక దాచను. ఒక కంపెనీ స్టాకు తగ్గించుకుంటామని స్పేర్లు నా షాపులోనే ఉంచమంది. తొమ్మిది మోటర్లు బాగుచేసి, వార్నిష్ ఆరబెట్టి, గోనెపట్టా కప్పి ఉంచా. రాత్రి 2 గంటలకు ఫోన్ చేస్తే బండెక్కించా. రాగికి అప్పు నాది, వడ్డీ నాది. బదులుగా రావాల్సిన కాలిన మోటర్లు తుక్కుకి తూకమేసి అమ్ముకున్నారు. అవి రాకపోతే దేన్ని బాగుచెయ్యను?

స్టోర్స్_రాయగడ: నా బాధా వినండి. స్పేరు ఏడాది కదలకపోతే ఆడిట్‌లో సంజాయిషీ ఇచ్చేది నేను. తుక్కు అమ్మితే ఎవరూ అడగరు.

వైండింగ్_22ఏళ్లు: అంటే మీ పుస్తకంలో కనపడకూడదని సరుకు నా నెత్తిన పెడుతున్నారు. పొద్దుట్నుంచీ కార్బన్ అంటారేం?

గుణుపురం: ఇద్దరూ కాస్త తగ్గండి.

స్టోర్స్_రాయగడ: ...ఆ 14లో 37 కిలోవాట్లవి మూడు. సోమవారం తుక్కు వేలం. ఆ మూడూ ఆపిస్తా. కాలకముందు నో-లోడ్ కరెంటు (లోడు లేకుండా తిరిగేటప్పుడు తీసుకునేది) ఎంతో లాగ్‌బుక్కులో ఉంది.

వైండింగ్_22ఏళ్లు: ఫొటో పెట్టండి. ముందు కోర్ పరీక్ష చేసి, పనికిరాకపోతే నేనే కొత్తది కొనమంటా. అద్దె రాసివ్వకుండా మాత్రం ఒక్క మోటరూ నా షాపులో ఉంచను.