రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతోంది: కటాఫ్ స్విచ్ పెట్టించుకోవాలా, లీకేజీ పట్టుకోవాలా?

బెజవాడ చిన్నకారు:
అందరికీ నమస్కారం. మాది ఆరేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. సాయంత్రం ఐదింటికి ఆపితే తెల్లవారి ఐదింటికి సెల్ఫ్ తీసుకోదు, టిక్ టిక్ అంటుంది అంతే. దసరాకు కొత్త బ్యాటరీ వేయించాను, 35 ఆంపియర్ అవర్‌ది. నాలుగు నెలలు కాలేదు, మళ్లీ అదే పరిస్థితి. షాపులో చూసి, బ్యాటరీ బాగుంది, ఛార్జింగ్ 14 వోల్టులు వస్తోంది, ఎక్కడో కరెంటు లీకేజీ ఉంది, కటాఫ్ స్విచ్ పెడతాం, రాత్రిళ్లు ఆపేసుకోండి అన్నారు. మా నాన్నను వారానికి మూడుసార్లు తెల్లవారుజామున డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. స్విచ్‌తో సరిపోతుందా?

పాత వైర్‌మన్:
తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా బండ్ల వైరింగే నా పని. స్విచ్ పెట్టించుకో. లీకేజీ వెతకడమంటే డాష్‌బోర్డు విప్పడం, రెండు రోజుల లేబర్. విప్పిన క్లిప్పులు మళ్లీ సరిగ్గా కూర్చోవు, ఆ తర్వాత గతుకుల్లో గలగలలు మొదలవుతాయి. నాన్నగారి వైద్యం ముందు, మిగతావన్నీ తర్వాత.

కూకట్‌పల్లి కారు:
అన్నా, మీ అనుభవం మీద గౌరవం ఉంది, కానీ ఈ సలహాతో నేను ఏకీభవించను. ఒక్కసారి లెక్క చూడండి. ఆపిన బండిలో గడియారం, లాక్, అలారం కలిపి తీసుకునేది 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. పన్నెండు గంటలకు అది 0.6 ఆంపియర్ అవర్, లెక్కలోకే రాదు. డిక్కీలో 5 వాట్ల బల్బు రాత్రంతా వెలిగినా పోయేది 5 ఆంపియర్ అవర్. మంచి బ్యాటరీ ఉంటే అప్పుడు కూడా బండి స్టార్ట్ అవుతుంది. 35 ఉన్న బ్యాటరీ ఒక్క రాత్రిలో ఇలా పడిపోతోందంటే రెండు ఆంపియర్ల పైనే పోతూ ఉండాలి. అంటే పాతిక వాట్లు ఎక్కడో వేడిగా మారుతున్నాయి. స్విచ్ రాత్రి మాత్రమే ఆపుతుంది. పాడైన భాగం పగలంతా అలాగే ఉంటుంది. ఒకరోజు స్విచ్ తిప్పడం మర్చిపోతే, ఆ రోజే డయాలసిస్ ఉంటే?

చిన్నకారు గారూ, డాష్‌బోర్డు విప్పక్కర్లేదు. కరెంటు కొలిచే మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ల దగ్గర పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఆ వైరుకూ టెర్మినల్‌కూ మధ్య మీటర్ కలపండి. అది ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటర్ ఫ్యూజ్ పోతుంది. డోర్ తెరిచే ఉంచి, లాక్ గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు చేయండి. తాళం బండికి దూరంగా పెట్టి, అరగంట ఆగండి. లోపలి కంప్యూటర్లు నిద్రపోయాకే అసలు అంకె కనిపిస్తుంది. చాలామంది ఈ అరగంట ఆగలేక, లేని లీకేజీ కోసం వెతుకుతుంటారు. తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీయండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లోనే ఉన్నట్టు.

రాజమండ్రి రోడ్డు:
బయట స్టీరియో వేయించారా? మా బండిలో అదే జరిగింది. పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపు వైరుకు తాళం తిప్పినప్పుడే రావాలి. బిగించినతను రెండూ కలిపి చుట్టేశాడు. స్క్రీన్ ఆరిపోయినా లోపల సెట్టు నడుస్తూనే ఉండేది. డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ ఉన్నా ముందు వాటిని పీకి చూడండి.

బెజవాడ చిన్నకారు:
స్టీరియో కంపెనీదే, బయటివి ఏమీ పెట్టలేదు. ఆదివారం కొలిచాను. మొదట 4 ఆంపియర్ల దాకా చూపించింది, అరగంటకు 2.3 దగ్గర ఆగింది. లోపలి ఫ్యూజులు, బానెట్ కింద లాగగలిగే ఫ్యూజులు, రిలేలు అన్నీ తీశాను. పిసరంత తగ్గింది, 2.2. చేతులకు చెమటలు పట్టాయి. అన్నీ తీసేసినా కరెంటు ఎటు పోతోంది?

పాత వైర్‌మన్:
ఇప్పుడర్థమైంది తమ్ముడూ. డైనమో చూడు, అదే, ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది. దాని లావు వైరు బోల్టుతో బిగించిన పెద్ద ఫ్యూజ్ మీదుగా నేరుగా బ్యాటరీకి వెళుతుంది, నువ్వు లాగిన చిన్న ఫ్యూజులకు అందదు. లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ షార్ట్ అయితే బండి ఆపినా కరెంటు వెనక్కి పారుతుంది, పగలు ఛార్జింగ్ మాత్రం వస్తూనే ఉంటుంది. షాపువాళ్లు 14 చూసి వదిలేసింది అందుకే. రేపు సెల్ఫ్ కొట్టకముందే డైనమో మీద చెయ్యి పెట్టు.

కూకట్‌పల్లి కారు:
అన్నా, ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది! దాన్ని ఖాయం చేసుకోవాలంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. తర్వాత డైనమో లావు వైరు విప్పి, కొసకు టేప్ చుట్టి, మళ్లీ కొలవాలి.

పాత వైర్‌మన్:
అన్ని ఫ్యూజులూ తీసి చూశాడని అప్పుడు తెలియదు కదా. డైనమో రిపేరయ్యేదాకా రాత్రిళ్లు టెర్మినల్ తీసి పెట్టమనే ఇప్పటికీ అంటాను. అందులో తప్పేముంది?

కూకట్‌పల్లి కారు:
ఆ నాలుగు రోజులకైతే సరే. శాశ్వతంగానంటే ఒప్పుకోను.

బెజవాడ చిన్నకారు:
ఐదింటికి బానెట్ ఎత్తాను. ఇంజిన్ బ్లాక్ చల్లగా ఉంది, డైనమో మాత్రం గోరువెచ్చగా, ఇప్పుడే దించిన పాలగిన్నెలా ఉంది. వైరు విప్పి కొలిస్తే 0.03 ఆంపియర్లే. డయోడ్ ప్లేటు మార్పించాను, స్విచ్ పెట్టించలేదు. అన్నిసార్లు అడుగంటా దిగిపోయిన బ్యాటరీని డైనమో ఒక్కటే నింపలేదని చెప్పి, ఎలక్ట్రీషియన్ ఒక రాత్రి ఛార్జర్‌కు పెట్టించాడు. ఈ రోజు నాన్నను తీసుకెళ్లే ముందు చూశాను: 12.6 వోల్టులు.