‘కృషి’ అంటే దుక్కా, దీక్షా?

పొలంగట్టు:
మా పాప బడిగోడ మీద ‘కృషితో నాస్తి దుర్భిక్షం’ అని రాసుంది. ‘కష్టపడితే ఏ లోటూ ఉండదు’ అని అర్థం చెప్పారట. నాకు మనసొప్పలేదు. కృషి అంటే దున్నడం, దుర్భిక్షం అంటే తిండి దొరక్కపోవడం. సేద్యం సాగితే కరువుండదని సూటిగా చెప్పిన మాట అది. హిందీలో, కన్నడంలో నేటికీ కృషి అంటే వ్యవసాయమే. మనమే అందులోంచి నాగలి తీసేసి, ‘సాహితీ కృషి’ అంటూ సన్మానపత్రాలకెక్కించాం. పిల్లలకు ఇలా చెప్పడం తప్పు కాదా?

నిఘంటుప్రియ:
తప్పెందుకవుతుందండీ? సంస్కృతంలో వ్యవసాయం అంటే గట్టి పూనిక. గీత రెండో అధ్యాయంలో ‘వ్యవసాయాత్మికా బుద్ధిః’ అన్నచోట పొలం ఊసే లేదు. అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో ‘కృషిగౌరక్ష్యవాణిజ్యం’ అన్నప్పుడు కృషి సేద్యమే. తెలుగింటికొచ్చేసరికి ఈ రెండు మాటలూ కుండమార్పిడి చేసుకున్నాయి. ఉద్యోగమూ అంతే. ‘ఉద్యోగే నాస్తి దారిద్ర్యం’ అని ఆ శ్లోకానికే ఉన్న మరో రూపంలో అది ప్రయత్నం, మనకేమో నెలజీతం. వీటన్నిటినీ వెనక్కి పంపగలమా? తెలుగువాళ్లు ఏ అర్థంలో వాడితే అదే తెలుగు మాట.

పొలంగట్టు:
మీరే సాక్ష్యం ఇచ్చారు. ప్రయత్నానికి దారిద్ర్యం జోడీ, కృషికి దుర్భిక్షం జోడీ. మాట అర్థం మారిందని కాదు నా బాధ, ఆ వాక్యంలోని రైతు మాయమయ్యాడని.

ఎవుసంబిడ్డ:
అన్నా, మా ఇంట్ల ఎవలూ కృషి అనరు. ఎవుసం అంటరు, సాగు అంటరు. మీ ‘వ్యవసాయా’న్ని నోట్లేసుకొని ఎవుసం చేసుకున్నది మా తాతలే. కని ఒక్కటి చెప్త. నేను పాటలు రాస్త. మొదటిసారి రాసింది ఎండకాలం దుక్కి లెక్కుంటది, అన్నీ పెద్ద పెద్ద పెడ్డలే. కాలికి తాకితే నొస్తది. ఇరువాలు దున్నాలె, అంటే రెండోసారి దున్నుడు, గుంటుక తోలాలె, గప్పుడు గని విత్తనం పట్టదు. ‘సాహితీ కృషి’ అని ఎవలన్నా అంటే నాకు గా చెల్కనే కనపడ్తది. అందుకే గా మాట నాకిష్టం.

గోదారిగాలి:
ఎవుసంబిడ్డ గారు చెప్పిందే లాటిన్‌లోనూ ఉంది. కల్చర్ అనే మాట పుట్టింది సాగులోంచే. దుక్కి లేని పొలం ఎంత సారమున్నా పండదనీ, చదువులేని మనసూ అంతేననీ చెప్పి, తత్త్వశాస్త్రాన్ని మనసు సాగు అన్నాడు ప్రాచీన రోము రచయిత సిసిరో. బెంగాలీలు కల్చర్‌కి ‘కృష్టి’ అని వాడారు కూడా. రవీంద్రుడికి ఆ మాట గిట్టలేదు, ‘సంస్కృతి’ కావాలన్నాడు. మనకూ సంస్కృతే స్థిరపడింది. కానీ చూడండి, మన నాగరికతలో ఉన్నది నగరం. ‘గ్రామ్యం’ ఏమో తిట్టు. గిడుగు రామమూర్తి గారి కాలంలో వాడుకభాషను చిన్నచూపు చూడ్డానికి పండితులకు పనికొచ్చింది ఆ మాటే. పెద్దమనిషి మాటల్లో పొలం మిగిలిన మాట కృషి. దాన్నీ మరిచిపోతే ఎలా?

నిఘంటుప్రియ:
ఆ వాక్యం వరకు దున్నడమే అసలు అర్థమని ఒప్పుకుంటాను. ‘భాషాకృషి’ని మాత్రం ఎవరూ దిద్దనక్కర్లేదు.

పొలంగట్టు:
దిద్దమనను. ఇరువాలు మాట మా వైపూ ఉంది, విని చాలా ఏళ్లయింది. సోమవారం టీచరుగారిని కలుస్తాను. ముందు దున్నడం చెప్పి, తర్వాత ప్రయత్నం చెప్పమని అడుగుతాను.