మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలతో డిబేట్: నడిపినవాళ్లు కాస్త చెప్పండి

తిరుచానూరు టీచర్:
నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు భోజన విరామంలో డిబేట్ క్లబ్ పెట్టాలని ఉంది. ఆగస్టు 15కి రాసిచ్చింది గడగడా అప్పజెప్పే పిల్లలే, ‘ఎందుకు?’ అని అడిగితే తల దించుకుంటారు. చూస్తే బాధేస్తుంది. మీరెలా నడుపుతున్నారు?

పలమనేరు సార్:
అంతా అంశంలోనే ఉంది మేడం. ‘సైన్స్ వరమా శాపమా’ అని ఇస్తే వాళ్ల నాన్న రాసిచ్చింది చదువుతారు. మేము ‘చిక్కీ మేలా, రాగిజావ మేలా’ అని పెట్టాం. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పాప లేచి, “చిక్కీ అయితే జేబులో పెట్టుకోని మా చెల్లికి తీసకపోతా, జావ ఎట్ట తీసకపోయేది?” అనింది. అవతలి జట్టంతా గమ్మునైపోయింది. కాసేపటికి ఒక పిల్లోడు, “మీ చెల్లికి ఇంకా పండ్లు రాలేదు కదా?” అన్నాడు. ఇలాంటి వాదన ఏ గైడులోనూ దొరకదు.

చిత్తూరు అమ్మ:
సార్, ముందు కడుపునిండా తిననీయండి. డిబేట్ ఉన్న రోజు మావాడు టెన్షన్‌తో సగం క్యారియర్ వెనక్కి తెచ్చేవాడు. ఓడిపోతే ఏడుపు ఒకటి. ఇంత చిన్నపిల్లలకు గెలుపోటములు అవసరమా?

పలమనేరు సార్:
అవసరం లేదమ్మా, మేము ఎవరు గెలిచారో చెప్పం. చివర్లో ప్రతి జట్టూ అవతలివాళ్లు చెప్పినదాంట్లో నచ్చిన మాట ఒకటి చెప్పాలి. అది చెప్పాలంటే చెవిపెట్టి వినాల్సిందే. ఒక్కొక్కరికి నిమిషం, అవగానే ప్లేటు మీద గరిటెతో కొడతాం. వారానికి ఒక్కరోజే, అదీ అందరూ చేతులు కడుక్కున్నాకే.

కుప్పం వాలంటీర్:
మా దగ్గర కొందరు పిల్లలు ఇంట్లో తమిళం, కొందరు కన్నడం మాట్లాడతారు. మొదటే తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పాలంటే మంచి ఆలోచన ఉన్నవాళ్లు కూడా వెనక బెంచీలో నక్కుతారు. అందుకే ముందు పక్కవాళ్లతో వచ్చిన భాషలో మాట్లాడుకోమంటాం, తర్వాత లేచి తెలుగులో చెప్పిస్తాం. తడబడినప్పుడు ఎవరినీ మధ్యలో దిద్దకండి మేడం. ఒక్కసారి దిద్దితే ఆ బిడ్డ మళ్లీ లేవదు.

తిరుచానూరు టీచర్:
చాలా సంతోషం అండీ. ‘తిరుమల కొండమీద లాగా మన బడిలోనూ ప్లాస్టిక్ నీళ్ల సీసాలు వద్దనాలా?’ అన్నది మొదటి అంశంగా అనుకుంటున్నా. కొండమీద గాజు సీసాలు మా పిల్లల్లో చాలామంది చూసినవే.

కుప్పం వాలంటీర్:
బాగుంది. కానీ అందరూ ‘వద్దు’ వైపే ఎగబడతారు. చీటీలు తీయించండి. మరుసటి వారం అదే అంశం మీద జట్లు అటూ ఇటూ మార్చండి. నిన్న తను కొట్టిపారేసిన మాటనే ఈరోజు వెనకేసుకురావాలంటే బుర్రకు అసలు పని అప్పుడు పడుతుంది.

చిత్తూరు అమ్మ:
గాజు సీసా పగిలితే కాలికి గుచ్చుకుంటుంది, స్టీలు సీసా అందరూ కొనలేరు. ఈ రెండూ మీరు ముందే చెప్పేయకండి మేడం, పిల్లలకే తట్టనివ్వండి.

తిరుచానూరు టీచర్:
అలాగేనమ్మా. చీటీలు ఈ రాత్రికే రాసి పెట్టుకుంటా.