మైపాడు నుంచి పెన్న ముఖద్వారం దాకా నడిచి వెళ్లవచ్చా?

ఇసుకదారి:
మా తమ్ముడు కెనడాలోని వాంకూవర్ దీవి తీరాన 75 కిలోమీటర్ల కాలిబాటలో కొంత నడిచి ఫోటోలు పంపాడు. ఒక పక్క దట్టమైన అడవి, ఇంకో పక్క సముద్రం, బండలెక్కడానికి చెక్క నిచ్చెనలు. 1906లో అక్కడ ఓడ మునిగి చాలామంది పోయాక, బతికి ఒడ్డెక్కేవాళ్ల కోసం ఆ బాటను బాగుచేశారట. ఫోటోలు చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఉండేది నెల్లూరు. మైపాడు నుంచి ఉత్తరంగా సరుగుడు తోపుల వెంట పెన్న సముద్రంలో కలిసేచోటికి వెళ్లాలని ఉంది. ఎవరైనా నడిచారా?

పెన్నగట్టు:
రెండుసార్లు బయలుదేరాను, ఒక్కసారే చేరాను. బండలు లేవు, ఉన్నదంతా ఇసుకే కదా అని మొదటిసారి తేలిగ్గా తీసుకున్నాను. పోటు వేళ కావడంతో తడి ఇసుక నీళ్ల కిందికి పోయింది. పొడి ఇసుకలో చీలమండల దాకా దిగబడుతూ గంటన్నర నడిచి వెనక్కి చూస్తే మైపాడు కొట్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి! తెచ్చుకున్న లీటరు నీళ్లు అప్పటికే అయిపోయాయి. సిగ్గుపడుతూ తిరిగి వచ్చాను.

రెండోసారి జనవరిలో, నీరు వెనక్కి తీసే వేళ చూసుకుని, తెల్లవారకముందే వెళ్లాను. తడి ఇసుక రోడ్డులా గట్టిగా ఉంది. కొంతదూరం పోయాక ఒడ్డు నుంచి పైకి ట్రాక్టరు చక్రం పోయినట్లు ఒక గాడి, పక్కనే కిందికి ఇంకో గాడి. రాత్రి సముద్రపు తాబేలు వచ్చి గుడ్లు పెట్టి పోయింది. పైకెళ్లిన గాడి తోపు మొదట్లోనే ఆగింది. చెట్లు మరీ అలల దాకా నాటితే పాపం దానికి చోటెక్కడ?

ఎండెక్కాక తోపులోకి మళ్లాను. రాలిన సరుగుడు ఆకు పరుపులా ఉంది, గడ్డి పరకైనా మొలవలేదు. అలల హోరేదో తోపు హోరేదో తేల్చుకోలేం. ఆకు ఊడ్చి గోతాల్లో కుక్కుతున్న పెద్దామె "దారి తప్పావా నాయనా?" అంది. ఊరికే నడవడానికి వచ్చానంటే నమ్మలేదు. చెంబుతో నీళ్లు మాత్రం ఇచ్చింది.

కొత్తపట్నం కోడలు:
ఇసుకదారి గారూ, ముఖద్వారం దగ్గర నీళ్లు మోకాలి లోతే కనిపించినా దిగకండి. ఇసుక మేటలు చోటు మారుతుంటాయి, నీరు తీసేటప్పుడు లాగుడు ఎక్కువ. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. ముందురోజు పాళెంలో చేపల వేటకు వెళ్లేవాళ్లను అడగండి. చీకట్లో టార్చి వేయకండి, తాబేళ్లు బెదిరి వెనక్కి పోతాయి.

ఇసుకదారి:
మూడు లీటర్ల నీళ్లతో వెళతాను. పెన్నగట్టు గారూ, అదే దారిన తిరిగి వచ్చారా?

పెన్నగట్టు:
లేదండీ, అంత ఓపిక ఎక్కడిది? ఊరివైపు వెళ్లే సరుగుడు కర్రల ట్రాక్టరు ఎక్కాను.