స్టాలక్టైట్‌ని తెలుగులో ఏమందాం?

గుహల్లో పైకప్పు నుంచి దిగే రాయి స్టాలక్టైట్, నేల నుంచి లేచేది స్టాలగ్మైట్. వీటికి తెలుగు పదాలున్నాయా అని నిన్న అడిగినవారికి: కొత్తవి పుట్టించే పని లేదండీ, బెలుం గుహలున్న కొలిమిగుండ్ల వైపు జనం ఎప్పుడో పెట్టేశారు.

నంద్యాల జిల్లా బెలుం గుహల్లో ఒక చోటి పేరు ఊడలమర్రి. పెద్ద రాతిస్తంభం, పైకప్పు నుంచి దిగిన రాతి వేళ్లు. కింద నిలబడి తలెత్తితే అచ్చం మర్రిమానే. అందుకే స్టాలక్టైట్‌కి నా ఓటు 'ఊడ'కే. పోలిక రూపంతోనే ఆగదు. మర్రి ఊడ దిగి దిగి నేల తాకితే మానవుతుంది కదా, గుహలోనూ పైనుంచి దిగేదీ కిందనుంచి లేచేదీ కలిస్తే స్తంభమే.

ఎలా దిగుతుందంటే, వాననీరు మట్టిలో ఇంకుతూ కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త పులుస్తుంది. ఆ నీరే సున్నపురాయి పగుళ్లను కరిగించి వెడల్పు చేసి గుహను చేస్తుంది. తర్వాత నీరు ఖాళీ అయిన గుహ కప్పుకి ఒక చుక్క వేలాడుతుంది. అందులోని గ్యాస్ గాలిలో కలిసిపోగానే కరిగిన రాయి నీటిలో నిలవలేక చుక్క అంచున సన్నటి ఉంగరంలా పేరుకుంటుంది. ఉంగరం కింద ఉంగరం. మొదట్లో అది లోపల బోలుగా ఉన్న సన్నటి గొట్టం, లావెక్కేది తర్వాతే. చుక్క రాలిన చోట నేలమీద లేచేది స్టాలగ్మైట్.

స్టాలగ్మైట్‌కి 'లింగం' చాలు. బెలుంలో కోటిలింగాలు అనే చోటు ఉండనే ఉంది. అమర్‌నాథ్ మంచులింగమూ ఇలా చుక్కచుక్కగా లేచేదే, అక్కడ పేరుకునేది మంచు. సైన్సు పుస్తకంలో లింగమేమిటి అనేవారుంటే 'రాతిమొలక' అనుకోండి, గొడవ లేదు.

ఈ పదాల చర్చలోనే ఒకరు బొర్రా గుహల దగ్గరి గోస్తని నదిని గుర్తుచేశారు. గోస్తని అంటే ఆవు పొదుగు, గుహలో పొదుగులాంటి రాయి నుంచి నీరు కారుతుందని ఆ పేరట. అందమైన ఊహే. కానీ స్టాలక్టైట్‌ని పొదుగు అంటే, "రెండు మీటర్ల పొదుగు" అని రాయాల్సి వస్తే?

బెలుం పేరు 'బిలం' నుంచి వచ్చిందంటారు. నాకైతే నమ్మబుద్ధేస్తుంది. అక్కడ ఎక్కడానికి కొండేమీ ఉండదు. చదును నేలలో బావిలాంటి గొయ్యి, మెట్లు దిగి వెళ్లాలి. గుహలో ఉన్నది 'గుహ్' ధాతువు, అంటే దాచడం, బిలమంటే కన్నం. మూడు కిలోమీటర్లు దాటిన కన్నం అనుకోండి! ఆ లెక్కన 'బెలుం గుహలు' కూడా ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పే మన 'నడిసెంటర్' బాపతే.